క్యామ్ షాఫ్టు ఎక్కడ పట్టింది?

యాసంగి వడ్ల కోతలు ముగిసిన దగ్గర్నుంచి మృగశిర కార్తె వచ్చేదాకా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణాల్లో ట్రాక్టర్ మెకానిక్కులకు తీరిక ఉండదు. ఏడాదంతా పొగ కొడుతూ, ఆయిల్ తాగుతూ ఎలాగో నెట్టుకొచ్చిన ఇంజన్లన్నీ అప్పుడే షెడ్లకు చేరతాయి. జూరాల కాలువలకు తోడు నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లొచ్చాక ఈ మూడు జిల్లాల్లో కరిగెట్లు పెరిగాయి. కేజ్ వీల్స్ కట్టి బురదలో తిప్పే పని ఇంజన్ మీద మామూలు భారం కాదు. గద్వాల వైపు నడిగడ్డలో పత్తి విత్తన చేలకైనా, వనపర్తి వైపు పల్లి చేలకైనా దుక్కి దున్నేదీ, పంట మోసేదీ అదే బండి. ఇంజన్ దించాక లైనర్లు, పిస్టన్లు, రింగులు మారుస్తారు. క్రాంకును గ్రైండింగుకు పంపుతారు. వీటి సంగతి రైతుకు కూడా కొంత తెలుసు. బిల్లులో పెద్ద అంకెలు వాటివే మరి.

క్యామ్ షాఫ్టును ఎవరూ పట్టించుకోరు, అది మొరాయించేదాకా. బ్లాకులో పాత బుష్షులు తీసి కొత్తవి కొడతారు. షాఫ్టుకు నూనె రాసి ముందువైపు నుంచి దూరుస్తారు. ఒక బుష్షు దాటుతుంది, ఇంకోటి దాటుతుంది, మూడోదాని దగ్గర ఆగిపోతుంది. లేదా చివరిదాకా వెళ్లి కూర్చుంటుంది గానీ చేత్తో తిప్పితే కదలదు. సరిగ్గా అప్పుడే పక్కన నిలబడ్డ కుర్రాడు "అన్నా, సుత్తెతో ఒక్కటి కొడ్తే పోతది" అంటాడు. పోతుంది కూడా. కొడితే లోపలికి పోవడం పెద్ద సంగతేమీ కాదు. అది ఎందుకు ఆగిందో చెప్పే ఆనవాళ్లన్నీ ఆ ఒక్క దెబ్బతో చెరిగిపోతాయి, అసలు నష్టం అక్కడుంది.

మన ట్రాక్టర్లలో చాలావాటికి క్యామ్ షాఫ్టు బ్లాకులోనే, క్రాంకుకు పక్కగా కాస్త పైన ఉంటుంది. నాలుగు స్ట్రోకుల ఇంజన్లో ఒక్కో వాల్వు క్రాంకు రెండు చుట్లు తిరిగేసరికి ఒక్కసారి తెరుచుకోవాలి కాబట్టి, క్యామ్ షాఫ్టు క్రాంకు వేగంలో సగం వేగంతో తిరుగుతుంది. దాని మీద ఒకవైపు ముక్కు పొడుచుకొచ్చినట్టుండే లోబులు టాపెట్లను లేపుతాయి. టాపెట్లు పుష్ రాడ్లను, పుష్ రాడ్లు రాకర్లను, రాకర్లు వాల్వులను కదిలిస్తాయి. లోబుల మధ్య అక్కడక్కడా గుండ్రంగా, నున్నగా మెరిసే భాగాలే జర్నళ్లు. బుష్షుల్లో కూర్చునేవి ఇవే. క్రాంకు బేరింగు రెండు చిప్పలుగా ఉంటుంది. విప్పి చూడొచ్చు, మళ్లీ బిగించి కొలవొచ్చు. క్యామ్ బుష్షు అలా విడిపోదు. గొట్టం ముక్కలా బ్లాకు రంధ్రంలోకి దిగగొడతారు. షాఫ్టును ఒక కొస నుంచి అన్ని బుష్షుల గుండా దూర్చాలి. దూర్చాక లోపల ఏది ఎక్కడ తగులుతోందో కంటికి కనిపించదు.

వనపర్తి సంస్థానం ప్యాలెస్‌లో 1959లో నెహ్రూ ప్రారంభించిన పాలిటెక్నిక్ ఉంది. అక్కడైనా, మరెక్కడైనా మెకానికల్ డిప్లొమా చదివినవాళ్లకు ఫిట్ల పాఠం గుర్తుండే ఉంటుంది: రంధ్రం కన్నా షాఫ్టు సన్నంగా ఉంటే వదులు ఫిట్టు, లావుగా ఉంటే బిగుతు ఫిట్టు. పరీక్షలో ఈ రెంటికీ వేర్వేరు బొమ్మలు గీస్తాం. క్యామ్ బుష్షులో రెండూ ఒకే వస్తువుకు ఉండాలి. బయటివైపు అది బ్లాకును కదలకుండా పట్టుకోవాలి, లోపలివైపు షాఫ్టును వదిలెయ్యాలి. పైగా బయటి బిగుతు లోపలి వదులును తినేస్తుంది. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

ఉదాహరణకు కొన్ని అంకెలు వేసుకుందాం. బ్లాకు రంధ్రం 54.00 మిల్లీమీటర్లు. బుష్షు బయటి కొలత 54.08. లోపలి కొలత 50.06. షాఫ్టు జర్నల్ సరిగ్గా 50.00. బుష్షును చేతిలో పట్టుకుని జర్నల్ మీదికి ఎక్కిస్తే హాయిగా తిరుగుతుంది, 0.06 వదులు ఉంది కదా. అదే బుష్షును బ్లాకులోకి కొట్టాక, లావైన ఇనుప బ్లాకు జరగదు గనుక పల్చటి బుష్షే ముడుచుకోవాలి. ఎంత బిగుతుతో కొట్టామో లోపలి రంధ్రం దాదాపు అంతా తగ్గుతుంది. 0.07 తగ్గిందనుకుంటే మిగిలేది 49.99. షాఫ్టే 0.01 లావు! "బయట తిరిగింది, లోపల పట్టింది, ఇదేం మాయ" అని తల గోక్కునేది ఇందుకే. ఇదంతా తలవెంట్రుక మందమంత జాగాలో జరిగే వ్యవహారం.

బుష్షులు తయారుచేసేవాళ్లకు ఈ లెక్క తెలియక కాదు. కొన్ని బుష్షులు ఇలా ముడుచుకోవడాన్ని ముందే లెక్కేసి, కొట్టగానే సరిపోయేలా వస్తాయి. కొన్నింటిని లోపల కాస్త ఎక్కువ లోహం ఉంచి అమ్ముతారు; కొట్టాక రీమరు పెట్టి కొలతకు తేవాలి. పెట్టె మీద రాసింది చదవకుండా రెండో రకాన్ని మొదటి రకమనుకుని కొట్టేస్తే, షాఫ్టు పట్టడంలో వింతేమీ లేదు. ఇంకొకటి: కొన్ని ఇంజన్లలో జర్నళ్లన్నీ ఒకే కొలత ఉండవు. ముందుది లావు, వెనక్కి పోయేకొద్దీ సన్నం. షాఫ్టు సులువుగా దూరడానికి అలా చేస్తారు. బుష్షుల వరస తారుమారైతే ఎంత రుద్దినా లాభం లేదు. అసలు బుష్షులే లేకుండా షాఫ్టు నేరుగా బ్లాకు ఇనుములోనే తిరిగే ఇంజన్లూ ఉన్నాయి. వాటిలో పట్టిందంటే కారణాన్ని షాఫ్టులోనో, బ్లాకు వంపులోనో, రంధ్రం అంచున లేచిన ఇనుప గరుకులోనో వెతకాలి.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. షాఫ్టు టైటుగా ఉందని అందరికీ తెలుస్తూనే ఉంది. కనుక్కోవాల్సింది వేరు: ఎక్కడ టైటు? లోపం షాఫ్టుదా, బుష్షుదా? దీనికి ఖరీదైన పరికరం అక్కర్లేదు, నల్ల మార్కర్ పెన్ను చాలు. షాఫ్టును నెమ్మదిగా బయటికి లాగి, జర్నళ్లన్నీ చుట్టూ నల్లగా పూయాలి. బుష్షుల లోపలా పల్చగా పూయాలి. ఆరాక, నూనె లేకుండానే, జాగ్రత్తగా దూర్చి, వెళ్లినంత మేరకు ఒకట్రెండు చుట్లు చేత్తో తిప్పి తియ్యాలి. తగిలినచోట రంగు పోయి లోహం మెరుస్తుంది. ఆ మెరుపు ఎక్కడుందో చదవడంలోనే విద్యంతా ఉంది.

బుష్షు లోపల ఒక్క పక్కనే మెరిసి, జర్నల్ మాత్రం చుట్టూ మెరిసిందనుకోండి. బుష్షు కదలదు, షాఫ్టు తిరుగుతోంది. షాఫ్టు ఒంటిమీది ప్రతి భాగమూ వంతులవారీగా వచ్చి బుష్షులోని అదే చోటును రాసుకుపోయిందన్నమాట. లోపం బుష్షుది. అది వంకరగా దిగింది, లేదా మిగతా బుష్షుల వరసలో లేదు. దీనికి తిరగేసిన కేసు: జర్నల్ మీద ఒక్క పక్కే మెరిసింది, బుష్షు చుట్టూ మెరిసింది. అంటే షాఫ్టులోని ఒకే చోటు తిరుగుతూ బుష్షు చుట్టూ గీసుకుంటూ వచ్చింది. లోపం షాఫ్టుది. వంగిందో, జర్నల్ మీద దెబ్బ తగిలి చిన్న గడ్డలా లోహం లేచిందో. రెంటి మీదా చుట్టూ మెరుపుంటే వంపుల గొడవ లేదు, రంధ్రమే ఇరుకు. మెరుపు ఏ భాగం మీద ఒక్కచోటే ఉందో ఆ భాగాన్ని అనుమానించాలి. తిరిగేదాన్నీ కదలనిదాన్నీ విడదీసే చిన్న తర్కం ఇది. ఇంజన్ పనిలో ఇంత చవకగా ఇంత తేటగా జవాబిచ్చే పరీక్ష నాకు మరొకటి తెలియదు.

చుట్టు తిప్పుతుంటే ఒకచోట గట్టిగా, ఇంకోచోట తేలిగ్గా ఉంటుందా? అలాగైతే రెండువైపులా లోపం ఉండి ఉండాలి. తిన్నని వరసలో ఉన్న గుండ్రటి బుష్షుల్లో వంగిన షాఫ్టు పట్టినా చుట్టంతా ఒకేలా పడుతుంది. ఒకేచోట ఎక్కువ పట్టాలంటే షాఫ్టు వంపు వచ్చి బుష్షు వంకరను ఢీకొట్టాలి.

షాఫ్టు మీద అనుమానం వస్తే తీర్చుకోవడం తేలిక. రెండు కొసల జర్నళ్లను వి-బ్లాకుల మీద ఉంచి, మధ్య జర్నల్‌కు డయల్ గేజీ ఆనించి తిప్పితే ముల్లు ఊగుతుంది. షాఫ్టు మధ్యరేఖ పక్కకు జరిగిన దానికి ముల్లు రెట్టింపు ఊగుతుందని గుర్తుంచుకోవాలి. 0.04 ఊగితే జరిగింది 0.02. ఆ ఇంజన్ మాన్యువల్‌లో రాసిన హద్దుతో పోల్చుకోవాలి. "పాత బుష్షుల్లో బాగానే తిరిగింది కదా, వంగి ఉంటే అప్పుడే తెలిసేది" అనే వాదన నిలవదు. అరిగి వదులైన బుష్షులు వంపును ఏళ్ల తరబడి దాచగలవు. కొత్త బుష్షులు వచ్చాకే గుట్టు బయటపడుతుంది. పైగా ఇంజన్ విప్పినప్పటి నుంచి ఆ షాఫ్టు ఎలా గడిపిందో ఎవరు చూశారు? నేలమీద పడి ఉండొచ్చు, బండి వెనక కట్టుకుని లేత్ షాపుకు తీసుకెళ్తే దారి పొడవునా అదిరి ఉండొచ్చు. పోత ఇనుప షాఫ్టు వంపు తియ్యబోతే పగిలిపోవచ్చు. స్టీలు షాఫ్టును చెయ్యి తిరిగినవాళ్లు ప్రెస్సు కింద సరిచేస్తారు గానీ, కొత్తది దొరికేటప్పుడు ఆ సాహసం దేనికని నా అభిప్రాయం.

మే నెలలో మరో తమాషా ఉంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఇనుము పగలదు గానీ ఉబ్బుతుంది. డిగ్రీ వేడి పెరిగితే ఉక్కు మీటరుకు సుమారు 0.011 మిల్లీమీటర్లు సాగుతుంది. బ్లాకు షెడ్డు నీడలో, షాఫ్టు బయట ఎండలో ఉన్నాయనుకోండి. రెంటి మధ్య 25 డిగ్రీల తేడా ఉంటే 50 మిల్లీమీటర్ల జర్నల్ దాదాపు 0.014 లావెక్కుతుంది. 0.05 వదులులో అది పావు వంతుకు పైనే. కొలతలకు ప్రపంచమంతా ఒప్పుకున్న ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. గద్వాల ఎండాకాలానికి అది కలలో మాట. అయినా ఏం ఫర్వాలేదు. షాఫ్టు, బ్లాకు, మైక్రోమీటరు మూడింటినీ ఒకే నీడలో రాత్రంతా ఉంచి పొద్దున్నే కొలిస్తే మూడూ కలిసే ఉబ్బుతాయి, తేడా దాదాపు మిగలదు.

ఇంతకీ ఆ వదులు ఎందుకు? నూనె దూరడానికి అంటాం. నిజమే గానీ సగం నిజం. 1883లో ఇంగ్లండులో మెకానికల్ ఇంజనీర్ల సంస్థ తరఫున బీచమ్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసుల బేరింగుల మీద ప్రయోగాలు చేశాడు. నూనె పోయడానికి బేరింగు పైన రంధ్రం పెట్టాడు. ఇరుసు తిరగడం మొదలవగానే నూనె లోపలికి వెళ్లాల్సింది పోయి ఆ రంధ్రంలోంచి పైకి ఉబికింది. బిరడా కొట్టాడు, బిరడాను తోసేసింది. చెక్క మేకు దిగగొట్టాడు, దాన్నీ మెల్లగా బయటికి నెట్టింది. చివరికి అక్కడ ప్రెషర్ గేజీ పెడితే, చదరపు అంగుళానికి సగటున 100 పౌండ్ల బరువు మోపిన బేరింగులో ముల్లు 200 దాటింది. పంపు లేదు, ఏమీ లేదు. తిరిగే ఇరుసే పంపు అయింది. మూడేళ్లకు, 1886లో, మాంచెస్టరు ప్రొఫెసరు ఆస్బోర్న్ రేనాల్డ్స్ దీని గణితం విప్పి చెప్పాడు. బరువుకు షాఫ్టు ఒక పక్కకు ఒరుగుతుంది. దాంతో చుట్టూ ఉన్న సందు ఒకచోట వెడల్పుగా మొదలై మరోచోట ఇరుకవుతుంది. తిరిగే షాఫ్టు తనకు అంటుకున్న నూనెను ఆ ఇరుకులోకి లాక్కుపోతుంది. పోయేదారి లేక నూనె ఒత్తిడి పెరిగి షాఫ్టును పైకెత్తుతుంది. అప్పటినుంచి లోహం లోహాన్ని తాకదు.

వదులు కావాల్సింది ఈ ఒరుగుడు కోసం. పక్కకు జరగడానికి చోటు లేని షాఫ్టుకు ఇరుకయ్యే సందే ఏర్పడదు. సందు లేనిదే ఒత్తిడి పుట్టదు. "నడుస్తుంటే అదే ఫ్రీ అయితది" అనే మాట షెడ్లలో తరచూ వినిపిస్తుంది. రింగులకూ లైనరుకూ అది కొంతవరకు చెల్లుతుంది. హోనింగు గీతల కొనలు అరిగి రెండూ ఒకదానికొకటి కుదురుకుంటాయి. క్యామ్ బుష్షుకు చెల్లదు. నూనె పొర లేనిచోట రాపిడి వేడి పెంచుతుంది. చాలా బుష్షుల లోపలి పొరగా ఉండే, తగరం పాలు ఎక్కువున్న వైట్ మెటల్ 240 డిగ్రీల దరిదాపుల్లోనే కరగడం మొదలుపెడుతుంది. అంతదాకా పోకముందే బుష్షు షాఫ్టును కరిచి, దానితోపాటు తనూ తిరగొచ్చు. బుష్షు తిరిగిందంటే దాని నూనె రంధ్రం బ్లాకు రంధ్రానికి ఎదురు లేకుండా పోతుంది. చాలా ఇంజన్లలో రాకర్లకు నూనె వెళ్లేది ఆ దారినే. తర్వాత టైమింగ్ గేరు పళ్లు, ఆ తర్వాత వాల్వులు, పిస్టన్లు.

పట్టిన బుష్షును ఎమరీ కాగితంతో రుద్దే అలవాటు సంగతి వేరు. అది పని చేస్తున్నట్టే కనిపిస్తుంది, అందుకే ప్రమాదం. 1839లో అమెరికాలో ఐజాక్ బాబిట్ రూపొందించిన మెత్తటి లోహపు సంతతే మన వైట్ మెటల్. దాని గొప్పతనం ఏమిటంటే నూనెలో వచ్చే చిన్నచిన్న రేణువుల్ని తనలో కూరుకునేలా చేసుకుని షాఫ్టును కాపాడుతుంది. ఎమరీతో రుద్దితే ఆ గుణమే ఎదురు తిరుగుతుంది. రాలిన గరుకు గింజలు బుష్షులో పాతుకుపోయి, ఇంజన్ నడిచినంత కాలం జర్నల్‌ను సానపడుతూ కూర్చుంటాయి. పదునైన స్క్రేపరుతో, మెరిసిన చోట మాత్రమే, పొరపొరగా గీకి మళ్లీ మార్కర్ పూసి చూసుకోవడం పాత పద్ధతి, ఓపిక ఉన్నవాళ్ల పద్ధతి. వంకరగా దిగిన బుష్షును మాత్రం గీకొద్దు, పీకేసి కొత్తది కొట్టాలి. కొట్టే ముందు బ్లాకు రంధ్రం అంచును కాస్త ఏటవాలు చేసి, గరుకు తీసి, లోపల శుభ్రంగా తుడవాలి. బుష్షు వెనక ఇరుక్కున్న ఒక్క ఇనుప రజను రేణువు లోపలివైపు గడ్డగా తేలుతుంది. బుష్షులన్నీ ఇరుకైతే వరసగా అన్నిటి గుండా వెళ్లే లైన్ రీమరు కావాలి. అది లేనిచోట పనికిరాని పాత క్యామ్ షాఫ్టు జర్నళ్లకు ఏటవాలుగా గాళ్లు కోసి, దాన్నే కోత పనిముట్టుగా తిప్పే మెకానిక్కులున్నారు. మోటు పద్ధతే, కానీ కోసేది తగిలినచోట మాత్రమే కాబట్టి తెలివైన మోటు.

ఎంత కొయ్యాలో తెలియకపోతే మాత్రం ఆగిపోవడం మేలు. అంగుళం వ్యాసానికి ఒక థౌ (అంగుళంలో వెయ్యో వంతు) వదులు అనేది షాపుల్లో నడిచే లెక్క. 50 మిల్లీమీటర్ల జర్నల్‌కు రెండు థౌలు, అంటే 0.05 మిల్లీమీటర్లు. ఆ ఇంజన్‌కు కంపెనీ ఇచ్చిన అంకె ఉంటే అదే ఖాయం. "కొంచెం ఫ్రీగా ఉంటే ఏం పోయింది" అని 0.10 చేశామనుకోండి. సన్నటి సందులోంచి కారే నూనె సందు వెడల్పుతో సమానంగా పెరగదు, దాని ఘనంతో పెరుగుతుంది. సందు రెట్టింపైతే కారుడు ఎనిమిది రెట్లు. క్యామ్ బుష్షుల దగ్గరే నూనె అంతా కారిపోతే, ఖర్చుపెట్టి గ్రైండింగు చేయించిన క్రాంకుకు ఒత్తిడి చాలదు. ఆయిల్ ప్రెషర్ రావడం లేదని పంపును తిట్టే సందర్భాల్లో కొన్నిటికి మూలం ఇక్కడే.

తప్పు బుష్షుల్లో లేకుండానే షాఫ్టు పట్టే సందర్భాలూ ఉన్నాయి. బోల్టులు బిగించకముందు తిరిగి, బిగించాక పట్టిందంటే ముందున్న థ్రస్ట్ ప్లేటును చూడాలి. వెనక కొసన కొట్టే మూత మరీ లోతుకు దిగితే షాఫ్టు కొసను నొక్కుతుంది. కింది నుంచి ఎక్కించే వెడల్పు తలల టాపెట్లున్న ఇంజన్లో ఏదో ఒకటి జారి లోబుకు అడ్డం పడొచ్చు, అందుకే వాటిలో బ్లాకును తలకిందులు చేసి షాఫ్టు దూరుస్తారు. మెయిన్ బేరింగుల వరసకు లైన్ బోరింగు చేయించి ఉంటే క్రాంకు వెంట్రుకవాసి పైకి జరిగి గేరు పళ్లు ఒకదాన్నొకటి బిగబట్టొచ్చు. గేరు విప్పి షాఫ్టు ఒక్కదాన్నే తిప్పితే ఆ అనుమానం అక్కడికక్కడే తీరుతుంది.

కార్లలో, జీపుల్లో క్యామ్ షాఫ్టు పైన హెడ్డులో ఉండే ఇంజన్ల కథ కొంచెం వేరు. చాలావాటిలో షాఫ్టును పట్టి ఉంచే క్యాపుల మీద నంబరూ, బాణం గుర్తూ ఉంటాయి; ఒకదాని చోట ఒకటి పెట్టినా, తిప్పి పెట్టినా పట్టేస్తుంది. హీటెక్కి వంగిన అల్యూమినియం హెడ్డును కింద చదును చేయిస్తే ప్యాకింగ్ కూర్చునే వైపు చదునవుతుంది గానీ, పైన క్యామ్ కూర్చునే వరస వంగినట్టే ఉండిపోతుంది. చదును పని ఎంత బాగా చేసినా షాఫ్టు తిరగదు.

ట్రాక్టరు బ్లాకు దగ్గరికే వస్తే, అన్నీ సరిచూశాక వీలైతే బ్లాకును వెనక ముఖం మీద నిలబెట్టి షాఫ్టును పైనుంచి నిలువుగా దించడం మంచిది. అడ్డంగా తోస్తే షాఫ్టు కొస కిందికి వాలి, లోబుల అంచులు కొత్త బుష్షుల్ని గీరుతాయి. ముందు కొసన పొడవాటి బోల్టు బిగించుకుంటే పట్టు దొరుకుతుంది. చివరిదాకా దిగాక వేళ్లతో తిప్పితే ఎక్కడా మారని బరువుతో తిరగాలి. తర్వాత టైమింగ్ గుర్తులు కలపాలి, టాపెట్లు సెట్ చెయ్యాలి. మొదటిసారి స్టార్ట్ చేసేముందు డీజిల్ ఆపి సెల్ఫుతో కాసేపు ఆగి ఆగి తిప్పి, పైమూత తీసి రాకర్ల మీదికి నూనె వస్తోందో లేదో చూసుకోవాలి. రాకపోతే బుష్షు రంధ్రమొకటి ఎదురు తప్పి ఉండొచ్చు. అదే అయితే ఎంత విసుగైనా, డీజిల్ లైను తెరవకుండా షాఫ్టును మళ్లీ బయటికి తియ్యాల్సిందే.